ట్రిట్యురేట్ అంటే గీతలు పడాలి

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో గాజు సామాను కడగడంతో నా ఉద్యోగం మొదలైంది, అక్కడే ముగిసింది. మధ్యలో హెల్పర్ అన్న పేరు ల్యాబ్ అటెండెంట్‌గా మారింది కానీ సింకు మారలేదు, నల్లా మారలేదు. ఇప్పుడు మా చెల్లెలి కోడలు అలాంటి ల్యాబ్‌లోనే చేరబోతోంది. మొన్న మా ఇంటికొచ్చి, "పెద్దత్తమ్మా, లోపల ఏం జేస్తరు, ఎట్లుంటది?" అని అడిగింది. చెప్పడం మొదలుపెడితే పొయ్యి మీద పాలు పొంగి పోయినా ఇద్దరం చూసుకోలేదు. మా ఆయన వచ్చి స్టవ్ ఆపి, "ఏం కంపెనీనో ఏమో, మానేసినా వదుల్తలేదు" అని పోయారు.

అందుకే, అలా కొత్తగా చేరేవాళ్ల కోసం రాస్తున్నాను. ఏడో తరగతితో ఆగిన చదువు నాది. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు ఎవరికి పైవాళ్లయ్యారు అన్నవి రాయను. అవి మీ అందరికీ ఉంటాయి. నాకు ఒక్క ఇంగ్లీషు మాట దొరికిన కథ చెప్పాలని ఉంది. ఆ మాట వెనకాల ఒక ఆడపిల్ల ఉద్యోగం ఉంది.

గిన్నెలు నేర్పిన ఇంగ్లీషు

మా ల్యాబ్‌లో కెమిస్టులంతా ఇంగ్లీషులోనే పని చెప్పుకుంటారు. నేను ఆ మాటలను పుస్తకంలో నేర్వలేదు, సింకులోకి వచ్చే గిన్నెలను బట్టి నేర్చుకున్నాను. ఫిల్టర్ చేశామంటే నాకు గరాటు, తడి కాగితం వస్తాయి. డిస్టిల్ చేశామంటే నీళ్ల పైపులు తగిలించిన పొడుగాటి కండెన్సర్ వస్తుంది, దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకోవాలి. రిఫ్లక్స్ అంటే ఆవిరి పైకి పోయి మళ్లీ కిందికే కారుతూ పొద్దంతా ఉడికేది, ఆ ఫ్లాస్కు మెడ చుట్టూ గ్రీజు ఉంటుంది, ముందు దాన్ని బట్టతో తుడవకపోతే సబ్బు పట్టదు.

చేరిన కొత్తలో ఒక మాట మాత్రం నాకు చిక్కలేదు. అప్పట్లో మా పెద్ద సారు శేషగిరి గారు. అటువైపు, ఏలూరు దగ్గరి మనిషి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఒకరోజు కుర్ర కెమిస్టుతో "దాన్ని ట్రిట్యురేట్ చెయ్యవయ్యా" అంటుంటే విన్నాను. సారు అడగకముందే అందిద్దామన్న ఉత్సాహం నాది. మందులను కరిగించే సాల్వెంట్ల అలమారా దగ్గరికి పోయి టొలీన్ పక్కన, హెక్సేన్ వెనకాల, అన్ని సీసాలూ వెతికాను.

"ఏం వెతుకుతున్నావ్ సాలమ్మా?"

"గదే సార్, మీరన్న ట్రిట్యురేట్. అయిపోయినట్టుంది, స్టోర్ల అడగన్నా?"

సారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. "అది సీసా కాదమ్మా, పని. తీరిగ్గా ఉన్నప్పుడు చెబుతా."

పెద్ద సార్లకు తీరిక ఎప్పుడుంటుంది? ఆ మాట అట్లాగే ఉండిపోయింది. ఒక్కటి మాత్రం గమనించాను. ట్రిట్యురేట్ అన్న రోజున నా సింకులోకి వచ్చే ఫ్లాస్కుల అడుగున సన్నని గీతలు ఉండేవి. ఈ సారుకు చేయి మొద్దు, గాజును గీకేస్తాడు అని లోపల గొణుక్కునేదాన్ని.

భాస్కర్ చట్టం

ఇప్పుడు స్టోర్ చూసే భాస్కర్ గురించి చెప్పాలి. నన్ను అత్తా అనేవాడు, నేను అల్లుడా అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, అంబర్‌పేట పిల్లగాడు. గాజు సామానుకు వాడే దిక్కు. అతను వచ్చిన కొత్తలో, అడుగున గీతలున్న ఒక ఫ్లాస్కును గాలి లాగేసే వాక్యూం మీద పెడితే అది గీత వెంబడే పగిలింది. వేడి ద్రవం బల్ల మీద పడింది. దేవుని దయ, ఎవరి మీదా పడలేదు.

మర్నాడే భాస్కర్, గీతలు పెట్టేవి ఇవేనని, కలపడానికి వాడే గాజు కడ్డీలన్నీ ఏరి స్టోర్‌లో తాళం వేశాడు. "గీత కనవడితే నన్నడగొద్దు, ఆ ఫ్లాస్క్ చెత్తల పడ్డట్టే" అన్నాడు. కలపాలంటే ఇక మాగ్నెటిక్ స్టిర్రర్. ఫ్లాస్కులో మాత్ర అంత అయస్కాంతం ముక్క వేసి కింద మెషిన్ తిప్పితే, చేయి పెట్టకుండానే గిర్రున తిరుగుతుంది.

భాస్కర్ చేసింది తప్పు కాదు. మీరూ రేపు ఇలాంటి చట్టాలు చూస్తారు, వాటిని వెక్కిరించకండి, ఒక్కో దాని వెనక ఒక్కో ప్రమాదం ఉంటుంది. కానీ చట్టం పెట్టినప్పుడు దానితో పాటు ఇంకేం పోతుందో చూసేవాళ్లు కూడా ఒకరుండాలి. మాకు లేరు. శేషగిరి సారు అప్పటికి రిటైరై ఎప్పుడైనా సలహాకు వచ్చేవారు. కొత్త కెమిస్టులు ట్రిట్యురేట్ అని రాసేవాళ్లు, అనేవాళ్లు. హెక్సేన్ పోసి, మెషిన్ తిప్పి, వడగట్టి, అయిందనేవాళ్లు. నా సింకులోకి మాత్రం ఒక్క గీతైనా లేని ఫ్లాస్కులు వచ్చేవి. ఎంత శుభ్రమైన పిల్లలో అని నేనూ మురిసిపోయాను.

సుజాత మేడం బంక

తెలంగాణ కోసం బంద్‌లూ రాస్తారోకోలూ నడుస్తున్న రోజులు. సుజాత మేడం అప్పుడు మా దగ్గర కొత్త. సిద్దిపేట దగ్గర పల్లె. హబ్సిగూడ హాస్టల్లో ఉండేది. మేడం అంటానే గానీ మా పెద్దదాని ఈడు. ఇంకా పర్మనెంట్ కాలేదు. ఇంటిదగ్గర ఊరి ప్రైవేటు స్కూల్లో టీచరు పని చూసిపెట్టారు, ఇక్కడ నిలవకపోతే వచ్చెయ్యమన్నారు. "పోతే మల్ల పట్నం పంపరక్కా, నాకు తెల్సు" అని ఒకసారి క్యాంటీన్‌లో అన్నది.

ఆమె చేతికి వచ్చిన పని ఒక కొత్త మందు శాంపిల్. చివరి మెట్టు వరకు బాగానే వచ్చింది. చివర్లో పొడిగా రావలసింది తేనె రంగు బంకగా వచ్చి ఫ్లాస్కుకు అంటుకుంది. హెక్సేన్ పోసి స్టిర్రర్ మీద పెట్టింది. పైన హెక్సేన్ గిరగిర తిరుగుతుంది, అడుగున బంక కదలదు. వంచేసి మళ్లీ పోసింది. ఇంకా పెద్ద మెషిన్ తెచ్చింది. బంక బంకే.

శుక్రవారం పొద్దున ఎం.డి. గారు ల్యాబ్‌లోకి వచ్చారు. శనివారం బంద్. ఆ తర్వాత కొరియర్ ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు, అవతల కొనేవాళ్లు ఆగరు. ఫ్లాస్కు ఎత్తి వెలుతురులో చూసి, "బంకను ఎవరూ కొనరమ్మా. సాయంత్రం కొరియర్‌కు పొడి పోతే నువ్వు ఇక్కడ ఉంటావు. పోకపోతే నేనేం చెయ్యలేను" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆయన పోయాక సుజాత మేడం ఫోన్ తీసి శేషగిరి సారుకు కలిపింది. సారుకు కంటి ఆపరేషన్ అయి ఉప్పల్‌లో ఇంట్లోనే ఉన్నారు. స్పీకర్ మీద సారు గొంతు ల్యాబంతా వినబడింది.

"ట్రిట్యురేట్ చేశావా?"

"చేసిన సార్. శానా సార్లు చేసిన."

"చేస్తే రావాలే. ఫ్లాస్కు అడుగున గీతలు పడ్డాయా?"

మేడం నా వైపు చూసింది. నేను గర్వంగా ముందుకొచ్చాను. "ఒక్క గీత లేద్సార్. అద్దం లెక్క ఉంచినం."

సారు వెంటనే, "ఇద్దరూ బయలుదేరి రండి" అన్నారు.

ఉప్పల్ ఇంట్లో పాఠం

నాచారం నుంచి ఉప్పల్‌కు షేర్ ఆటోలో పోయాం. దారంతా మేడం చేతిలోని రుమాలును పిండుతూనే ఉంది. సారు నల్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చున్నారు. మంచినీళ్లు ఇప్పించి, మేడంనే ముందడిగారు.

"ట్రిట్యురేట్ అంటే ఏమిటి?"

"సాల్వెంట్‌తోని కడిగి ఇంప్యూరిటీస్ తీసుడు సార్."

"అది దాని ఫలితం. పని ఏమిటి?"

సారు నా వైపు తిరిగారు. "సాలమ్మా, నీకో బాకీ ఉన్నాను గుర్తుందా? సీసా కోసం వెతికావు."

అంత కష్టంలోనూ మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నిజంగానా అక్కా?"

"టొలీన్ పక్కన సూసిన. దొరకలే" అన్నాను.

అప్పుడు చెప్పారు సారు. ఇది ఇంగ్లీషు వాళ్లు సొంతంగా పుట్టించుకున్న మాట కాదట. లాటిన్ అని పాత భాష, ఆ భాష మాట్లాడే రైతుల మాట. గింజలను కంకి నుంచి రాల్చడాన్ని వాళ్లు ఆ మాటతో పిలిచేవారు. ఇంకా లోతుకు పోతే దాని వేరు రుద్దడం అన్న మాటలో ఉందట. రుద్దితే పొట్టు ఊడుతుంది, గింజ మిగులుతుంది. మందులు నూరేవాళ్లు ఆ మాటను కల్లం నుంచి తమ గదిలోకి తెచ్చుకున్నారు, వాళ్ల దగ్గరి నుంచి మనకు వచ్చింది.

ఇన్నేళ్లు ఏసీ గదిలో, తెల్లకోట్ల మధ్య తిరిగిన మాట మా ఊరి కల్లంలోది. కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను.

"సార్, గది నూర్పుడే గద. మాకాడ కల్లంల నూర్పుళ్లు అంటం. మందు నూరుడు గూడ నూరుడే."

"అదే. వాళ్ల దేశంలోనూ ఇక్కడా మనిషి ఒకే పోలిక చూశాడు. మీ ఊళ్లో ఎట్లా నూర్చేవాళ్లు?"

"వరైతే కట్ట వట్టి బండకు కొడ్తం సార్. మేడం, మనం గూడ జర గట్టిగ కొడ్దాం."

"గాజు మీద కొడతావా తల్లీ? భాస్కర్ మనిద్దర్నీ కొడతాడు. కొట్టడం వేరు. జొన్న సంగతి చెప్పు."

జొన్న సంగతి చెప్పాను. చిన్నప్పుడు ఆలేరు దగ్గర మా నాయన కూలికి పోయే కల్లంలో చూసిందే. కంకులను కుప్పగా ఉంచరు, పలుచగా పరుస్తారు. ఎడ్లను వరుసగా కట్టి వాటి మీద తిప్పుతారు. కాసేపటికి ఆపి, కిందిది పైకి తిరగేసి, మళ్లీ తొక్కిస్తారు. పొట్టును గాలికి పోనిచ్చి, మిగిలినదాన్ని మళ్లీ తొక్కిస్తారు.

"కుప్ప మీద ఊరికే గాలి విసిరితే?" అని సారు అడిగారు.

"ఏమైతది సార్? మీది పొట్టు జరంత లేస్తది. లోపట గింజ లోపట్నే ఉంటది."

సుజాత మేడం రుమాలు పిండడం ఆపింది. "సార్, నేను జేసింది గదే. బంక మీదికెళ్లి హెక్సేన్ తిప్పిన. బంకను ముట్టనే లేదు."

"నువ్వొక్కదానివే కాదమ్మా, మీ ల్యాబంతా అదే చేస్తోంది" అన్నారు సారు. బంకను చల్లబరిచి పలుచగా పరచాలి. హెక్సేన్ కొంచెమే పొయ్యాలి. కడ్డీతో అడుగు గీసుకుపోయేలా రుద్దాలి, తిరగెయ్యాలి, మురికి పట్టిన హెక్సేన్ వంచెయ్యాలి, మళ్లీ కొంచెం పొయ్యాలి. మలినం కరిగిపోయేదే, కానీ బంక లోపల దాక్కుంటుంది. రుద్దితేనే బయటికి వస్తుంది. అది పోయాక మందు గట్టిపడుతుంది.

లేవబోతుంటే సారు ఇంకో మాట చెప్పారు. కొన్ని దేశాల్లో ఎడ్లతో తొక్కించడానికి బదులు, అడుగున రాళ్లు దిగ్గొట్టిన చెక్కపలకను కంకుల మీద లాగించేవారట. ఆ పలక పేరు కూడా ఆ రుద్దే వేరు నుంచే వచ్చింది. ఆ పలక పేరు మీదనే ఇంగ్లీషులో ట్రిబ్యులేషన్ అన్న మాట పుట్టింది.

"మా చర్చిల పాస్టరయ్య అంటడు సార్, ట్రిబ్యులేషన్ అంటే శ్రమలు" అన్నాను.

"నాది ఇప్పుడు గదే సార్" అన్నది మేడం. ఆ పొద్దు ఆమె వేసిన మొదటి జోకు అది.

గరగర

తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గాజు కడ్డీలు భాస్కర్ తాళం కింద ఉన్నాయి. మేడం స్టోర్ కిటికీ దగ్గర నిలబడి అడిగింది.

"ఒక కడ్డీ గావాలె భాస్కరన్నా. ఇంకో బీకరు. గీతలు పడ్తయ్, ముందే చెప్తున్న."

"పడ్తయా, పడేటట్టు జేస్తరా?"

"పడాలె. పడకపోతే పని కానట్టు."

భాస్కర్ నన్ను చూశాడు. "అత్తా, ఈ మేడానికి ఏమైంది?"

"అల్లుడా, సాయంత్రం కొరియర్‌కు పొడి పోకపోతే ఈ పిల్ల సంచి సదురుకోవాలె. నీ చట్టం మంచిదే. గని గిదొక్కటి గీకక తప్పదు."

అతను లోపలికి పోయాడు. రాడేమో అనుకున్నాం. మందపాటి అడుగున్న పాత బీకరు ఒకటి దుమ్ము తుడుచుకుంటూ తెచ్చాడు. దాని మీద ఎర్ర మార్కర్‌తో పెద్ద గుర్తు పెట్టాడు. "గిది వాక్యూం మీద పెట్టొద్దు, పొయ్యి మీద పెట్టొద్దు. దీంట్ల ఎంత గీకుతరో గీకుండ్రి." కడ్డీ కూడా చేతిలో పెట్టాడు. మనిషి చట్టాన్ని వదలకుండానే దారి చూపించాడు. అట్లాంటివాళ్లతో పని చెయ్యండి, మీకు మంచిది.

ఫ్లాస్కును గోరువెచ్చని నీళ్లలో పెట్టి, మెత్తబడిన బంకను బీకరులోకి తీసి పరిచాం. ఐసులో చల్లార్చి, కొంచెం హెక్సేన్ పోసి, పొగ లాగేసే హుడ్ కింద మేడం రుద్దడం మొదలుపెట్టింది. బంక కడ్డీకి జీళ్ల పాకంలా సాగింది. చప్పుడే లేదు. వంచేసి, మళ్లీ పోసి, మళ్లీ రుద్దింది. ఆమె చెయ్యి నొప్పెడితే నేను గ్లౌజులు వేసుకుని అందుకున్నాను. నేను వంచిన హెక్సేన్ మొదట టీ నీళ్లలా, తర్వాత గంజి తేటలా వచ్చింది.

"రంగు పోతున్నదక్కా. గని ఇంకా బంకనే."

"పొట్టు పోతున్నది గద. రుద్దు బిడ్డా."

సింకులో గిన్నెలు మిగిలిపోయాయని నేను నల్లా తిప్పుకుని కడుగుతున్నాను. వెనకాల కడ్డీ గాజు మీద సన్నగా కీచుమంటోంది, పళ్లు జివ్వుమనే చప్పుడు. అంతలో ఆ చప్పుడు మారింది. కీచు పోయి గరగర వచ్చింది, తిరగలిలో మొదటి గుప్పెడు జొన్నలు పడ్డట్టు. నల్లా బంద్ చేసి తిరిగి చూశాను. మేడం కడ్డీ ఆపింది. బీకరు అంచున తెల్లటి మచ్చ ఒకటి కనిపించింది. ఆమె దాన్ని మధ్యలోకి లాగి రుద్దింది. పాలకు తోడు వేసినట్టు ఆ తెలుపు బంకంతా పాకింది. చూస్తుండగానే బంక పగిలి, పెళుసులై, పిండిలా రాలింది. బీకరు నిండా తెల్లని పొడి.

మేడం నా భుజం పట్టుకుని ఊపింది. నేను ఆమెను ఊపాను. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో, భాస్కర్ బీకరు కిందికి వంగి అడుగు చూస్తున్నాడు. "మస్తు గీకిన్రు" అన్నాడు. తిట్టినట్టు లేదు.

వడగట్టి, ఆరబెట్టి, సీసాలో నింపి, కొరియర్ మనిషి గేటు దగ్గర హారన్ కొడుతుంటే ఇచ్చి పంపాం. కొన్నాళ్లకు అవతల నుంచి శాంపిల్ బాగుందని కబురొచ్చింది. ఎం.డి. గారు మాట నిలబెట్టుకున్నారు. సుజాత మేడం ఊళ్లో టీచరు పనికి ఇంకెవరో చేరారు.

చేరే వాళ్లకు

ల్యాబ్‌లో మీకు రోజుకో ఇంగ్లీషు మాట దొరుకుతుంది. దాని అర్థం చెప్పమంటే అందరూ చెబుతారు. మీరు ఇంకోటి అడగండి: ఆ పని చేసేటప్పుడు చెయ్యి ఏం చేస్తుంది? మాట నోట్లో మిగిలి చెయ్యి మరిచిపోయిన పనులు ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటాయి. మా దగ్గర అది సంవత్సరాలు నడిచింది, ఒక్కరికీ అనుమానం రాలేదు, గీతల్లేని గిన్నెలు చూసి మురిసిన నాతో సహా.

సుజాత మేడం తర్వాత కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు మాట ముందు చెప్పేది కాదు. ముందు కడ్డీ చేతికిచ్చి రుద్దించేది. చెయ్యి నొప్పెట్టాక, "దీన్ని ట్రిట్యురేట్ అంటరు. కల్లంల పుట్టిన మాట" అని మొదలుపెట్టేది. భాస్కర్ స్టోర్‌లో ఎర్ర గుర్తు బీకర్లకు ఒక అర వేరుగా కట్టించాడు.

నేను మానేసే రోజున కూడా సింకు దగ్గరే ఉన్నాను. గాజు సామాను లెక్క చూసుకోవడానికి భాస్కర్ వచ్చాడు. హుడ్ దగ్గర ఎవరో కొత్త కెమిస్టు రుద్దుతున్నాడు, కీచు కీచుమంటోంది. ఉన్నట్టుండి గరగర మొదలైంది. నేను చెయ్యి చాచి నల్లా కట్టేశాను.

"నల్లా ఎందుకు బంద్ జేసినవ్ అత్తా?"

"ఇను అల్లుడా. గింజ రాలుతున్నది."

భాస్కర్ చేతిలోని గరాటును బల్ల మీద పెట్టి, నా పక్కన నిలబడి విన్నాడు.